పద్నాలుగు సైకిళ్లకు ఒకే వేగం కుదురుతుందా?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సమాధానం. ముందుగా ఆమె రాసిన విషయాన్ని క్లుప్తంగా చెబుతాను.

ఆమె వయసు 46 ఏళ్లు. ఏడేళ్లుగా ఏటా ఒకసారి, వారం పది రోజుల సైకిల్ యాత్రకు మిత్రులతో కలిసి వెళ్తున్నారు. తనతో కలిపి మొత్తం పద్నాలుగు మంది. ఎవరి సామాను వారే సైకిల్ మీద మోసుకుంటారు. వెనక ఏ బండీ రాదు. బృందాన్ని మొదలుపెట్టిన పెద్దాయనను అందరూ ‘అన్నయ్యా’ అని పిలుస్తారు. ఆయన ముందు వెళ్తారు, మిగిలినవారు వెనక వెళ్తారు, అంతకు మించి నియమాలంటూ ఏవీ లేవు. నెమ్మదిగా తొక్కేవారి తోడు ఆమెకు ఇష్టం కాబట్టి ఎప్పుడూ అందరికన్నా చివర ఉంటారు. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, అలవాటుగా వచ్చిందంతే.

గత యాత్రలో మూడో రోజు మధ్యాహ్నం, ఒక పొడవాటి దిగుడులో, ముందు వెళ్తున్న ఒకరు గుంతను చూసి, నోరు విప్పకుండా గట్టిగా బ్రేకు వేశారు. ఆయనకు చేయి చాస్తే అందేంత దూరంలో వస్తున్న యువతి ముందు చక్రం ఆయన వెనుక చక్రానికి తగిలింది. ఆమె కింద పడ్డారు, కాలర్‌బోన్ విరిగింది. ముందున్న ఆరుగురికీ ఆ సంగతే తెలియలేదు. మరో ఐదు కిలోమీటర్లు వెళ్లి ఒక చెట్టు కింద కూర్చున్నారు. మన పాఠకురాలు కొన్ని నిమిషాల తరువాత ఆ అమ్మాయి పడిన చోటికి చేరుకునేసరికి ప్రథమ చికిత్స సంచి అన్నయ్య సైకిల్ మీద ముందుకు వెళ్లిపోయి ఉంది. ఇంటికి ఫోన్ చేద్దామంటే నంబరు ఎవరి దగ్గరా లేదు. పడిన అమ్మాయి ఫోన్‌కు తాళం ఉంది. నొప్పితో వణుకుతున్న ఆ చేతిని పట్టుకుని బొటనవేలిని మూడుసార్లు ఆనించినా, చెమటకూ దుమ్ముకూ అది తెరుచుకోలేదట.

ఇప్పుడు బృందం ఆమెను నియమాలు రాయమంటోంది. ‘ఇది కవాతు కాదు, కాగితం మీద సంతకం పెట్టి సైకిల్ తొక్కాల్సిన రోజు వస్తే నేను రాను’ అని అన్నయ్య అంటున్నారు. కుడి చెవి సరిగా వినిపించని 63 ఏళ్ల సభ్యుడిని ఇకపై రావద్దని మర్యాదగా చెప్పమని కొందరు ఒత్తిడి చేస్తున్నారు. వీటికి తోడు ఆమె ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ప్రమాదం జరిగిన రోజు ఉదయం ఆ యువతి సైకిల్ బ్రేకు రబ్బర్లు బాగా అరిగి ఉండటం ఆమె చూశారు. ‘మళ్లీ టీచరమ్మ మొదలుపెట్టింది’ అంటారని ఊరుకున్నారు.

ఇక నా సమాధానం.

మీరు ఉత్తరం చివర, దాచిపెట్టినట్టుగా రాసిన ఆ బ్రేకు రబ్బర్ల సంగతితోనే మొదలుపెడతాను. మిగిలిన రెండు ప్రశ్నలనూ మీరు ఆ తప్పు నాదేనన్న బాధతోనే చూస్తున్నారనిపిస్తోంది. అలాంటి బాధతో రాసే నియమాలు అవసరానికి మించి కఠినంగా తయారవుతాయి.

ఆ దిగుడులో మీవాళ్లు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. ఇద్దరి మధ్య ఎడాన్ని ఉదారంగా 2 మీటర్లని లెక్కవేద్దాం. ముందున్న మనిషి గట్టిగా బ్రేకు వేస్తే ఆ 2 మీటర్లూ సుమారు ఒక్క సెకనులో హరించుకుపోతాయి. వెనక ఉన్న మనిషి కన్ను దాన్ని గుర్తించి, వేళ్లు కదిలి, బ్రేకు పట్టుకోవడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. కాబట్టి రబ్బర్లు కొత్తవైనా అరిగినవైనా, వాటికి పనిచేసే అవకాశం రాకముందే చక్రాలు తగిలి ఉంటాయి. ఆ అమ్మాయిని పడేసింది ప్రధానంగా ఎడం లేకపోవడం, ముందున్న మనిషి మౌనం. మీరు ఆ ఉదయం నోరు విప్పి ఉంటే రబ్బర్లు మారేవి, కానీ ఆమె పడటం తప్పేదని నేను అనుకోను.

చక్రానికి చక్రం తగిలినప్పుడు వెనకవారే ఎందుకు పడతారో మీ బృందంలో అందరికీ తెలిసి ఉండాలి. ఇది తెలిస్తే నియమం చెప్పాల్సిన పని సగం తగ్గుతుంది. సైకిల్ నిలబడేది హ్యాండిల్ ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా తిరుగుతూ ఉండటం వల్ల. ఎటు ఒరిగితే అటే హ్యాండిల్‌ను రవ్వంత తిప్పి, మనకు తెలియకుండానే సర్దుకుంటూ ఉంటాం. మన ముందు చక్రం పక్కభాగం ఇంకొకరి వెనుక చక్రానికి ఆనుకున్న క్షణంలో అటువైపు తిప్పే వీలు పోతుంది, అటే ఒరుగుతాం, సర్దుకునే దారి ఉండదు. ముందున్నవారికి మాత్రం చిన్న కుదుపు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. మీవాళ్లు ఐదు కిలోమీటర్లు హాయిగా వెళ్లిపోవడంలో దుర్మార్గం ఏమీ లేదు; గాలి హోరులో వెనక ఏం జరిగిందో వారికి తెలిసే మార్గమే లేదు. ఆ మార్గాన్ని ఏర్పాటు చేయడమే మీరు రాయబోయే కాగితం పని.

అందువల్ల నియమాలను రెండు కుప్పలుగా వేసుకోమని నా సలహా. ఒకరి నిర్ణయం ఇంకొకరి ఒంటికి తగిలే విషయాలు ఒక కుప్ప, ఎవరి సుఖం వారు చూసుకునే విషయాలు ఇంకో కుప్ప. ఏ గేరులో తొక్కాలి, ఏ బట్టలు వేసుకోవాలి, ఎన్నిసార్లు ఆగి ఫొటోలు తీసుకోవాలి అన్నవన్నీ రెండో కుప్పలోవి, వాటి జోలికి వెళ్లకండి. అన్నయ్య కోపంలో సగం, మీరు వీటిని కూడా కాగితం మీదికి ఎక్కిస్తారేమోనన్న భయమే కావచ్చు.

మొదటి కుప్పలో అన్నిటికన్నా ముందుండవలసింది ఎడం. గాలి చాటున దగ్గరగా వెళ్తే శ్రమ తగ్గుతుందన్నది నిజమే. సమతలం మీద వేగం పెరిగేకొద్దీ మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే ఖర్చవుతుంది. అయితే అది రోజూ కలిసి సాధన చేసేవారి విద్య. ఏడాదికి ఒకసారి కలిసి, 15 కిలోల సామాను మోస్తూ వెళ్లేవారు ఆ లాభం కోసం ఎముకలను పణంగా పెట్టడం దండగ బేరం. సమతలం మీద కనీసం రెండు మూడు సైకిళ్ల పొడవు ఎడం ఉంచండి. దిగుడులో అంతకు ఎన్నో రెట్లు పెంచండి, ఎందుకంటే వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది, వాన పడితే ఇంకా పెరుగుతుంది. మన ముందు చక్రం ముందువారి వెనుక చక్రం పక్కకు రాకూడదన్న మాటను మాత్రం మినహాయింపులు లేకుండా రాయండి.

తరువాతిది పిలుపు. ‘గుంత’, ‘కంకర’, ‘ఆగుతున్నా’, ‘వెనక బండి’ లాంటి నాలుగైదు చిన్న మాటలు చాలు. విన్న ప్రతివారూ అదే మాటను తమ వెనకవారికి అందించాలి, లేకపోతే మూడో సైకిల్ దగ్గరే అది గాలిలో కలిసిపోతుంది. చేతి సైగలు మంచివే కానీ, దిగుడులో బ్రేకు మీద నుంచి చేయి తీస్తే తానే పడే పరిస్థితిలో సైగ చేయమని ఎవరినీ బలవంతపెట్టకండి. అక్కడ నోరే చాలు. ఇక రైలు పట్టాలను వీలైనంత అడ్డంగా, లంబకోణంలో దాటడం, తడిసిన తెల్లగీతల మీద బ్రేకు వేయకపోవడం, చీకటి పడకముందే లైట్లు వేయడం లాంటివి మీకు తెలిసినవే. కొత్తవారి కోసం ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది.

ఉదయపు తనిఖీకి మాత్రం ఒక చిన్న మార్పు సూచిస్తాను. ఎవరి సైకిల్ వారు కాక, పక్కవారి సైకిల్‌ను చూసే పద్ధతి పెట్టండి. టైరులో గాలి, బ్రేకు రబ్బర్లు, బ్రేకు నొక్కితే హ్యాండిల్‌కు తగలకుండా ఆగుతోందా లేదా, చక్రాల బిగింపు, వేలాడుతున్న తాళ్లు చూడటానికి ఒక్కో సైకిల్‌కు రెండు నిమిషాలు పడుతుంది. అందరూ అందరివీ చూసే చోట ఎవరూ టీచరమ్మ కారు. చూసింది చెప్పడం అక్కడ ధైర్యం అవసరమైన పనిగా కాక, మామూలు పనిగా మారిపోతుంది.

ఇప్పుడు అన్నయ్య సంగతి. కలిసి తొక్కడమా, ఎవరి వేగంతో వారు తొక్కడమా అన్న తగవు మీతో మొదలైంది కాదు. ఫ్రాన్స్‌లో 1904లో మొదలైన ఆడాక్స్ అనే దూరపు సైకిల్ యాత్రల్లో అందరూ ఒక నాయకుడి వెనుక ఒకే వేగంతో సాగాలి, ఆయనను దాటి ముందుకు వెళ్లకూడదు. ఇప్పటికీ ఆ పద్ధతిలో సగటు వేగం గంటకు 22.5 కిలోమీటర్లు. 1921లో అక్కడే ‘ఎవరి వేగం వారిది’ అనే పద్ధతిలో కూడా యాత్రలు మొదలయ్యాయి. రెండు పద్ధతులూ ఈనాటికీ నడుస్తున్నాయి కాబట్టి, మీ ఇద్దరిలో ఒకరు పూర్తిగా తప్పు అని తేల్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. మీ ముందున్న దారులు ఇవి.

అందరూ ఒకే వేగంతో వెళ్లవచ్చు. అప్పుడు ఎవరూ తప్పిపోరు, పడితే వెంటనే తెలుస్తుంది. కానీ ఆ వేగం అందరికన్నా నెమ్మదిగా వెళ్లేవారిది కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు అది బలమైనవారికి నరకం. రెండో రోజు సాయంత్రానికి ఆ నియమాన్ని అన్నయ్యే కాదు, మీరు అనుకోనివారు కూడా ఉల్లంఘిస్తారు. ఉల్లంఘించే నియమం ఉండటం కన్నా లేకపోవడం మేలు.

ఎవరి వేగంతో వారు వెళ్లి, ముందే అనుకున్న చోట్ల కలుసుకోవచ్చు. మీరు ఇంతకాలం చేసింది దాదాపు ఇదే, కాకపోతే చోట్లు అనుకోలేదు. ప్రతి 10 కిలోమీటర్లకు గానీ, దారి చీలే ప్రతి మలుపు దగ్గర గానీ, పెద్ద దిగుడు అడుగున గానీ ఆగి తలలు లెక్కపెట్టాలి. ఇంత సమయంలోగా చివరి మనిషి రాకపోతే ఇద్దరు వెనక్కి వెళ్లాలి. ఆ గడువును ముందే నిర్ణయించుకోవాలి. రోడ్డు మీద నిలబడి ‘వస్తారులే’ అనుకునే సమయంలో నిర్ణయించలేరు. ఇందులో అన్నయ్యకు స్వేచ్ఛ మిగులుతుంది, కానీ ఆగి ఎదురుచూస్తానన్న మాట ఇవ్వాలి. మాట ఇచ్చి తప్పితే ఈ పద్ధతికి విలువ లేదు.

మూడో దారి, పద్నాలుగు మందిని ఐదుగురు, ఐదుగురు, నలుగురుగా విడదీయడం. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా నాలుగు వేల మందికి పైగా సైకిళ్ల మీద యాత్రకు బయలుదేరారు. తీరం నుంచి తీరానికి పూర్తి దారి సుమారు 6,800 కిలోమీటర్లు. వారిలో చాలామంది, శిక్షణ పొందిన నాయకులతో, చిన్న చిన్న బృందాలుగానే ప్రయాణించారు. చిన్న బృందంలో ఒకరు లేకపోతే లెక్కపెట్టకుండానే తెలుస్తుంది, వెనక వచ్చే బండ్లకు దాటి వెళ్లడం తేలికవుతుంది, సమాన వేగం ఉన్నవారు ఒకచోట చేరతారు. నష్టం ఏమిటంటే మూడు పనిముట్ల సంచులు, మూడు మందుల సంచులు, ముగ్గురు నాయకులు కావాలి. అన్నిటికీ మించి, ఏడేళ్ల స్నేహితులు పగలంతా విడిపోయి మధ్యాహ్నం, రాత్రి మాత్రమే కలుసుకుంటారు. ఆ లోటు చిన్నది కాదు. నా మొగ్గు దీనివైపే, అయినా మీవారికి కబుర్లే యాత్రలో సగం అయితే రెండో దారే సరైనదనుకుంటాను.

ఇవేవీ కాకుండా ‘ఈ కాగితం నేను రాయను, చివర కూడా ఉండను’ అనే హక్కు కూడా మీకుంది. దాని ఫలితం, వచ్చే యాత్ర పోయిన యాత్రలాగే జరగడం. దాన్ని మీరు ఇంటి దగ్గర కూర్చుని తట్టుకోగలరా అన్నది మీకే తెలియాలి. రాసే పక్షంలో మాత్రం అన్నయ్యకు చూపించడానికి కాక, ఆయనతో కూర్చుని రాయండి. ఆ రోజు చెట్టు కింద కూర్చున్న ఐదు కిలోమీటర్ల దూరం ఆయనను కూడా బాధిస్తూ ఉండవచ్చు. కవాతు మాటలు దానికి కప్పిన గుడ్డ కావచ్చు.

ఏ దారి ఎంచుకున్నా చివర ఉండే మనిషిని బాధ్యతగా నియమించుకోండి. ఆ పని ఒక్కరిదే కాకుండా రోజుకొకరు చేయాలి, బలమైనవారికి కూడా వంతు రావాలి. పనిముట్లు, పంపు, ఒక మందుల సంచి ఆ మనిషి దగ్గరే ఉండాలి, ఎందుకంటే పడినవారిని దాటి ముందుకు వెళ్లనిది ఆ ఒక్కరే. ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. నేను మొదటిసారి ఒక బృందంతో వెళ్లినప్పుడు అందరూ ప్రతిచోటా నా కోసం ఎంతో ఓపికగా ఆగేవారు. నేను రొప్పుతూ చేరుకోగానే ‘హమ్మయ్య, వచ్చేశావు, పద’ అంటూ లేచేవారు. వారికి ప్రతి మజిలీలో పావుగంట విశ్రాంతి దొరికింది, నాకు రోజంతా పది నిమిషాలు కూడా దొరకలేదు. మూడో మజిలీలో చేతులు తిమ్మిరెక్కి బ్రేకు సరిగా పట్టుకోలేక ఒక కంచెలోకి వెళ్లి ఆగాను. కాబట్టి ఆగే సమయాన్ని మొదటి మనిషి వచ్చినప్పటి నుంచి కాక, చివరి మనిషి సైకిల్ దిగినప్పటి నుంచి లెక్కపెట్టమని రాయండి. అలసిన మనిషి పడటం సులువు.

చెవి వినిపించని పెద్దాయన విషయంలో మీ మిత్రుల ఆలోచన నాకు నచ్చలేదు, కారణం కేవలం మర్యాద కాదు. ఉత్తరంలో మీరే రాశారు, ముందుండే వారిలో ఇద్దరు చెవుల్లో పాటలు పెట్టుకుని తొక్కుతారని. ఆయనకు ఒక చెవి వినిపించదు, వీరికి రెండూ వినిపించవు. ఆయన కనీసం తనకు వినిపించదని తెలుసుకుని ఎక్కువసార్లు వెనక్కి చూస్తారు. ముందుగా ఆ పాటలను ఆపించండి. ఆయనతో మాట్లాడి హ్యాండిల్‌కు అద్దం పెట్టించండి. వినిపించే చెవి వైపు మనిషి ఉండేలా వరసలో చోటు చూడండి. ఆయనకు పిలుపుతో పాటు సైగ కూడా చేయాలని పక్కవారికి చెప్పండి.

అయినా ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నది తేల్చడానికి కొలత కావాలి కదా. వయసును, చెవులను కొలతగా పెట్టుకోకుండా, యాత్రకు నెల ముందు వరుసగా రెండు రోజులు, పూర్తి సామానుతో, యాత్రలో తొక్కబోయే దూరమే తొక్కండి. పద్నాలుగు మందీ తొక్కాలి, అన్నయ్యతో సహా. మొదటి రోజు ఉత్సాహం మీద ఎవరైనా తొక్కేస్తారు. రెండో రోజు ఉదయం సీటు మీద కూర్చున్నప్పుడే మోకాలు, నడుము, అరచేయి అసలు సంగతి చెబుతాయి. సామాను ఎత్తుగా కట్టిన సైకిల్ దిగుడులో ఎలా ఊగుతుందో కూడా అప్పుడే బయటపడుతుంది. పెద్దాయన ఆ రెండు రోజులూ తొక్కితే వాదన ముగిసినట్టే. తొక్కలేకపోతే తక్కువ దూరాలతోనో, కొన్ని రోజులకు మాత్రమేనో, మోటారు సాయం ఉన్న సైకిల్‌తోనో ఎలా రావచ్చో ఆయనతోనే మాట్లాడండి. ‘మీకు ఎందుకు శ్రమ’ అనే తీయటి మాటతో తప్పించడం మాత్రం వద్దు, ఆయనకు అర్థమవుతుంది.

పడ్డాక చేయవలసినవి కాగితంలో చిన్నవిగా, కానీ ముందే చదివి గుర్తుపెట్టుకునేలా ఉండాలి. మొదటి పని గాయం చూడటం కాదు. ఒకరు వెనక్కి వెళ్లి వచ్చే బండ్లను హెచ్చరించడం. ఇంకా ప్రమాదం పొంచి ఉంటే తప్ప మనిషిని లాగకూడదు, మెడ నొప్పి అంటే కదిలించకూడదు. తలకు దెబ్బ తగిలినవారు ‘బాగానే ఉన్నాను’ అన్నా ఆ రోజు మళ్లీ సైకిల్ ఎక్కకూడదు, వైద్యులకు చూపించాలి. లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా బయటపడతాయి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చవలసిందే. ఫోన్ తాళం తీయకుండానే అత్యవసర వివరాలు కనిపించే సదుపాయం చాలా ఫోన్లలో ఉంటుంది, దాన్ని అందరి చేతా నింపించండి. అయినా నేను కాగితాన్నే ఎక్కువ నమ్ముతాను. పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు, వాడే మందులు, పడని మందులు రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, అందరూ ఒకే చోట, ఉదాహరణకు సీటు కింది సంచిలో, ఉంచుకోవాలి.

సంతకాల గురించి ఒక్క మాట. ‘నా బాధ్యత నాదే’ అని రాయించుకున్న కాగితం చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందన్నది ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది, దాన్ని న్యాయవాదిని అడగండి. బీమా ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది మాత్రం బయలుదేరే ముందే తెలుసుకోండి. మీ బృందంలో సంతకం కన్నా, అందరూ ఒకచోట కూర్చుని కాగితాన్ని బయటికి చదవడం ఎక్కువ పనిచేస్తుందని నా అంచనా.

చివరిగా, ఆ అమ్మాయికి బ్రేకు రబ్బర్ల సంగతి చెప్పాలా వద్దా అని అడిగారు. చెప్పకపోతే ఆమెకు నష్టమేమీ ఉండదు, మీరు మాత్రం ఆ మాటను వచ్చే యాత్ర పొడవునా మోస్తారు. చెబితే ఆమె కొన్నాళ్లు నొచ్చుకోవచ్చు, ‘ఆ రోజే చెప్పి ఉండాల్సింది’ అనవచ్చు. అనే హక్కు ఆమెకుంది. చెప్పడమే మేలని నాకనిపిస్తోంది, కానీ బృందం ముందు కాదు, నియమాల చర్చలో ఉదాహరణగా అసలే కాదు. ఆమె ఎముక అతుక్కుని మళ్లీ సైకిల్ బయటికి తీసే రోజున కొత్త రబ్బర్లు తీసుకుని ఇంటికి వెళ్లండి. పాతవి విప్పుతున్నప్పుడు చెప్పడం, ఎదురుగా కూర్చుని చెప్పడం కన్నా తేలికగా ఉంటుంది.